బొమ్మలో మూడో వరుస

పోయిన ఆదివారం పొద్దున వాకిలి తీసేసరికి మా ఇంటి ఎదురుగా రోడ్డుకు అవతలి పక్క నలుగురు పిల్లలు కూర్చుని ఉన్నారు. కాలేజీ వయసు. మడత స్టూళ్లు, ఒళ్లో అట్టలు, పక్కన నీళ్ల సీసాలు. సర్వేవాళ్లేమో అనుకున్నాను. కాగితం పట్టుకుని ఇళ్లవైపు చూసేవాళ్లంటే నాకు ఈ వయసులో కూడా గిట్టదు.

"ఎవరప్పా మీరు? ఏం కావాల?" అని గట్టిగానే అడిగాను.

వాళ్లలో కళ్లద్దాల పిల్ల ఒకతి లేచి నిలబడింది. "ఏం లేదమ్మా, బొమ్మలేస్తాండాం. ఆదివారమైతే ఒక వీధికి పోయి ఆడనే కూర్చోని గీస్తాం. ఈ వీధిలో పాత అరుగంటే మీ ఇంటిదొక్కటే మిగిలుండాది గదా. శానా బాగుండాది" అంది.

బాగుండదా మరి! మూడు వరుసల తాడిపత్రి బండలు, ఒక్కటి కూడా పగలకుండా. వీధి మొత్తానికీ మా అరుగొక్కటే ఇట్లా మూడు వరుసలతో ఎందుకు మిగిలిందో ఆ పిల్లకు తెలియదు. నాకు తెలుసు. "గీసుకోండి" అని లోపలికి వచ్చేశానే గానీ, కాఫీ చల్లారిపోయేదాకా గ్లాసు చేతిలో పట్టుకుని అట్లాగే ఉండిపోయాను. ఈ వీధిని ఇట్లా వీధిలోనే కూర్చుని మొట్టమొదట గీసింది నేను. అప్పుడు నాకు పదకొండేళ్లు.

బొమ్మలు నేర్పింది మా చిన్నాయన. నాయనకు తమ్ముడు. అప్పటికి పెళ్లి కాలేదు, మాతోనే ఉండేవాడు. మున్సిపాలిటీ ఆఫీసులో ట్రేసరు పని. ఇంజనీర్లు వేసిన ప్లాన్లను పల్చటి కాగితం మీదికి నల్ల ఇంకుతో ఎక్కించడం, వాటికి నీలం గీతల ప్రింట్లు తీయించడం. ఆ ప్రింట్ల గదిలో అమ్మోనియా వాడేవాళ్లు. సాయంత్రం ముందు ఆ ఘాటు ఇంట్లోకి వచ్చేది, వెనక ఆయన వచ్చేవాడు. "చొక్కా బయటనే ఇప్పు అబ్బీ, అన్నానికి వాసన పడతాది" అని అమ్మ రోజూ ఒక మాట అనేది. నాకు మాత్రం ఆ వాసన ఇష్టం. అది వచ్చిందంటే ఆయన సంచిలో చెడిపోయిన ప్రింటు కాగితాలు వచ్చినట్టే. ఒక పక్క నీలం గీతలు, రెండో పక్క తెలుపు. ఆ తెలుపంతా నాది.

ఆయన పెన్సిలు చెక్కుతుంటే చూడాలి. బ్లేడు పెట్టి తిప్పితే పొట్టు తెగకుండా ఒకటే పొడుగున ఊడి వచ్చేది. దాన్ని నా జడలో పువ్వులాగా పెట్టేవాడు. గీయడం దగ్గర మాత్రం నవ్వేవాడు కాదు. "కండ్లకు కనపడేది గీయమ్మీ. నీకు అందమనిపించేది గాదు" అనేవాడు. ఇంట్లో నన్నొక మనిషిగా లెక్కపెట్టింది ఆయనొక్కడే. నాయన మిల్లు నుంచి వచ్చి తిని పడుకునేవాడు, అమ్మకు నీళ్ల బిందెల ధ్యాస తప్ప ఇంకొకటి లేదు. చిన్నాయన బావిలో దూకమంటే దూకేదాన్ని. దూకినా ఏం కాదు, ఆ యేడు బావుల్లో నీళ్లెక్కడివి!

అవును, వరసగా రెండేళ్లు వానలు ముఖం చాటేసిన కాలం అది. కొళాయి నాలుగు రోజులకొకసారి వచ్చేది. పల్లెల నుంచి పనుల కోసం వచ్చినవాళ్లు, ఎదురు చూసీ చూసీ మా వీధి అరుగుల మీద నడుం వాల్చేవాళ్లు. ఆడవాళ్లు అరుగు మీదే చెనిక్కాయలు ఒలిచేవాళ్లు, పేలు చూసుకునేవాళ్లు, పోట్లాడుకునేవాళ్లు. ముసలివాళ్లు మబ్బుకేసి చూసి దాన్ని తిట్టేవాళ్లు. ఇళ్లు పడుకోవడానికే. బతుకంతా అరుగు మీదే.

ఆ అరుగుల సంగతి కొంచెం చెప్పాలి. అన్నీ తాడిపత్రి బండలే. ఒక్కో బండ రెండడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు. గోడ నుంచి రెండు వరుసల దాకా ఇంటివాళ్లది, ఆ పైన వీధిది అని పెద్దల నాటి కట్టుబాటు. కానీ ఎవరు ఊరుకుంటారు? కూతురి పెళ్లికొక వరుస, మనవడు పుడితే ఒక వరుస, ఇట్లా ఎవరి శుభకార్యానికి వాళ్లు వీధిలోకి జరుపుకుంటూ వచ్చారు. మూడు వరుసలుంటే మర్యాదస్తుల ఇల్లు. నాలుగుంటే ఇక చెప్పే పనే లేదు. మాకు మూడు. మూడోది అమ్మానాయనల పెళ్లికి వేయించిందట.

ఆ వేసవి సెలవుల్లో ఒకరోజు చిన్నాయన కొత్త పెన్సిళ్లు రెండు, అట్ట ఒకటి తెచ్చి నా ముందు పెట్టాడు.

"మన వీధంతా గీయమ్మీ. ఒక్క ఇల్లు వదలగూడదు. ఆఫీసులో పెద్ద గోడ ఉండాది. వచ్చేటోళ్లు పోయేటోళ్లు చూసేట్టు వరసగా తగిలిస్తారు. కింద నీ పేరు రాస్తారు."

"నా పేరా?"

"మరి నాదా? కానీ ఒకటి ఇను. మనుషులు ఎట్లున్నా ఫర్వాలేదు, బండలు మాత్రం లెక్క తప్పగూడదు. ఎన్ని వరుసలుంటే అన్నీ వెయ్యాల. ఒక్కొక్క బండ వేరేగా కనపడాల."

"మనిల్లు కూడా గీయాల్నా?"

"మనది నేను గీస్తాలే. అన్నీ నువ్వే గీస్తే నాకేం మిగుల్తాది?" అని నా నెత్తి మీద మొట్టాడు. నేను పడీ పడీ నవ్వాను.

మర్నాడే మొదలుపెట్టాను. పొద్దున ఎండ ముదరకముందు, మళ్లీ సాయంత్రం. పీట వేసుకుని ఎవరింటి ఎదురుగా కూర్చుంటే ఆ ఇంటివాళ్లకు ఆ పూట పండగే. ఆఫీసు గోడకు తగిలిస్తారని నేనే వీధంతా చాటింపు వేశాను. దాంతో ఒక్కొక్కరికి ఒక్కొక్క కోరిక. దర్జీ మామ తన కుట్టుమిషను గుమ్మంలోకి లాగి పెట్టి, కొత్త చొక్కా తొడుక్కుని, మిషను మీద చెయ్యి వేసి బిగుసుకుని కూర్చున్నాడు. బండలు లెక్కపెట్టేలోపల నిద్రపోయాడు. నేను నోరు తెరుచుకుని నిద్రపోయే మనిషినే గీశాను. మామ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ పక్కింటి పెద్దమ్మ, మేత లేక సంతలో అమ్మేసిన ఎనుమును కూడా గుంజకు కట్టేసినట్టు గీయమంది. "అది ఈడ లేదు గదా పెద్దమ్మా" అంటే, "లేకుంటే ఏమి, గుంజ ఉండాది గదా, చూసి గీయి" అంది. కొమ్ములు ఎటు వంపో చేతులతో చూపించింది. చూపిస్తూ కళ్లు తుడుచుకుంది. గీశాను. బండలు కాదు కాబట్టి తప్పు లేదనుకున్నాను.

ఎక్కడ కూర్చున్నా ఏదో ఒకటి నా చేతిలో పడేది. ఒకరింట్లో బెల్లం ముక్క, ఒకరింట్లో ఉడకబెట్టిన చెనిక్కాయలు, ఏమీ లేనివాళ్లు మజ్జిగైనా ఇచ్చేవాళ్లు. కాగితాల నిండా నా జిడ్డు వేళ్ల గుర్తులే. చిన్నాయన రోజూ రాత్రి అన్నం తిన్నాక ఆ కాగితాలు లాంతరు దగ్గర పెట్టుకుని, వేలితో బండలు లెక్కపెట్టి "భేష్" అనేవాడు. నాకు ఆకలి కూడా ఉండేది కాదు ఆ మాటకు.

వీధి చివర బజ్జీలవ్వ ఇల్లు. సాయిబుల ఇల్లే గానీ వాళ్లింట్లో మాట్లాడేది మా తెలుగే. భర్త దూది ఏకి పరుపులు కుట్టేవాడట, నాకు బుద్ధి తెలిసేసరికే పోయాడు. ఆమె అరుగు మీద ఒక మూల కిరసనాయిలు పొయ్యి, పొయ్యి పక్కన పెద్ద బేసిన్లో ఉగ్గాణి. నానబెట్టిన బొరుగుల్లో తిరగమాత వేసి, పైన పుట్నాల పొడి చల్లితే ఆ వాసనకు బడికి పోయే పిల్లలు బడి మరిచిపోయేవాళ్లు. దానిలోకి మిరపకాయ బజ్జీలు. రెండు అడిగితే రెండు వేసి, ఆకు మడిచేముందు ఇంకొకటి చిన్నది పైన పడేసేది. "కొసరు" అనేది. ఆమె దగ్గర కొసరు లేకుండా ఇంటికి వచ్చిన మనిషి వీధిలో లేడు. తినేవాళ్లందరూ ఆ అరుగు మీదే కూర్చుని తినేవాళ్లు. ఆ అరుగు లేకపోతే ఆమెకు అంగడి లేదు.

అవ్వ అరుగు రెండు వరుసలే. వరుసకు నాలుగు బండలు. ఆమె ఇంట్లో ఏ శుభకార్యానికీ మూడో వరుస వేసే స్తోమత కలగలేదు.

నేను గీస్తుంటే అవ్వ జల్లిగరిటె పట్టుకుని వచ్చి నా భుజం మీదుగా తొంగి చూసింది.

"అందరివీ పెద్దగా ఉండాయి, నాదే శిన్నగా పడిందే అమ్మీ."

"నీకు రెండే వరుసలు గదవ్వా."

"ఊర్లో తిరిగేటోళ్లంతా చూస్తారంటివి గదా. బొమ్మలోనన్నా మూడు వెయ్యి."

"చిన్నాయన లెక్క తప్పగూడదన్నాడు."

"రోజూ నీకు నేను కొసరేస్తాండా గదమ్మీ, నాకొక వరుస నువ్వు కొసరెయ్యి" అని నవ్వింది. ఆమెకు పై పన్ను ఒకటి లేదు. నవ్వితే ఆ సందులోంచి నాలుక కనిపించేది.

నాకూ నవ్వొచ్చింది. పెన్సిలు గట్టిగా నొక్కి నాలుగు బండలు ముందుకు వేశాను. నిజమైన వాటికంటే అవే బాగా కుదిరాయి. ఆ రోజు రెండు కొసర్లు పడ్డాయి.

వీధంతా పూర్తయ్యాక చిన్నాయన కాగితాలన్నీ చుట్టి ఆఫీసుకు తీసుకెళ్లాడు. గోడకు తగిలించారా అని రోజూ అడిగేదాన్ని. "మేకులు రాలేదమ్మీ" అనేవాడు. కొన్నాళ్లకు అడగడం మానేశాను. బడి తెరిచారు.

ఒకరోజు పొద్దున వీధి మొదట్లో ట్రాక్టరు ఆగింది. ఆరుగురు మనుషులు గడ్డపారలతో దిగారు. ఓవర్సీరు ఒకాయన, ఆయన పక్కన చిన్నాయన. చిన్నాయన చేతిలో కాగితాల చుట్ట. రోడ్డు వెడల్పు చేస్తారట. రెండు వరుసలకు మించి ఉన్న బండలన్నీ ఎత్తుకుపోతారట. ఏ ఇంట్లో ఎన్ని వరుసలున్నాయో, ఎన్ని తీయాలో, ఎన్ని బండలు ట్రాక్టరుకు ఎక్కాలో అంతా ముందే రాసుకుని వచ్చారు. టేపు పట్టుకుని ఒక్కడైనా వీధిలోకి రాకుండానే ఇదంతా ఎట్లా తెలిసిందని జనం నోళ్లు తెరిచారు. చిన్నాయన చుట్ట విప్పగానే అందరికీ తెలిసిపోయింది. నా బొమ్మలు. దర్జీ మామ నోరు తెరుచుకుని నిద్రపోతున్న బొమ్మ ఓవర్సీరు చేతిలో ఉంది.

టేపుతో వస్తే తలుపులు వేసుకునేవాళ్లు. నేను వస్తే బెల్లం పెట్టారు. చిన్నాయనకు ఆ సంగతి బాగా తెలుసు. నాకు ఆ క్షణం దాకా తెలియదు.

దర్జీ మామ నావైపు చూశాడు. "నువ్వాఁ అమ్మీ?" అన్నాడు. అంతే. నేను మా గుమ్మంలో తలుపు పట్టుకుని నిలబడిపోయాను. గడ్డపార బండ కిందికి దిగితే వచ్చే చప్పుడు ఇప్పటికీ నా పళ్లల్లో ఉంది.

వాళ్లు అవ్వ ఇంటి దగ్గరికి చేరేసరికి పరిగెత్తాను.

"మూడు వరుసలు, ఒకటి తియ్యాల, నాలుగు బండలు" అని ఓవర్సీరు చదివాడు.

"నాకుండేదే రెండు గదప్పా" అంది అవ్వ. ఇంకా భయపడలేదు. తప్పు చదివాడేమో అనుకుంది. "చూడు, కండ్లెదురుగా ఉండాయి."

"కాగితంలో మూడుండాది."

"కాగితంలో ఉంటే నేలలో ఉండొద్దా?"

ఓవర్సీరు చిరాకుగా ట్రాక్టరువైపు చూశాడు. "ఈ ఇంటి నుంచి నాలుగు బండలు జమ కావాలని రాసిచ్చినామమ్మా. లెక్క తక్కువైతే నేను ఇంట్లోంచి తెచ్చి పెట్టాల్నా? తీయండప్పా."

నేను మధ్యలో దూరాను. "సార్, అది నేను ఊరికే వేసినా. అవ్వ అడిగితే వేసినా. ఆడ లేదు సార్ మూడో వరుస."

ఓవర్సీరు నన్ను కాదు, చిన్నాయనను చూశాడు. "ఏమప్పా, నేనే కొలిచినానని సంతకం పెట్టినావు. ఈ పాప గీసిందా ఇవన్నీ?"

చిన్నాయన నా కళ్లలోకి చూశాడు. ఒక్క మాట చాలు. చూసింది గీయమని నేర్పిన మనిషి. నేను ఆయన నోటివైపే చూస్తున్నాను.

"నేనే కొలిచినా సార్" అన్నాడు. "మా ఇంటి పాప. నా పక్కన కూర్చోని ఆడుకుంటాంటాది. ఏదో మాట్లాడతాది." నావైపు తిరిగి, "గమ్మునుండు. ఇంటికి పో" అన్నాడు.

అవ్వకున్న రెండో వరుస ఎత్తేశారు. పొయ్యి పక్కకు జరిపి, బేసిను దించి, నాలుగు బండలూ ట్రాక్టరుకు ఎక్కించారు. కింద మెత్తటి మట్టి, చెదలు, ఎప్పటిదో ఒక గాజు ముక్క బయటపడ్డాయి. అవ్వ ఆ మట్టివైపు చూస్తూ చేతిలో జల్లిగరిటె అట్లాగే పట్టుకుని నిలబడింది.

తిరిగిపోతూ మా ఇంటి ముందు ఆగారు. చిన్నాయన మా ఇంటి కాగితం తీసి ఇచ్చాడు. ఓవర్సీరు మా మూడో వరుస మీద నిలబడే "రెండు వరుసలు, సరిగ్గా ఉండాది" అని చదివాడు. అమ్మ లోపలి నుంచి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. తాగి, మూతి తుడుచుకుని వెళ్లిపోయాడు. వీధంతా చూసింది.

చిన్నాయనతో రెండు రోజులు అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. మూడో రోజు నా పక్కన కూర్చుని, "నాకేం తెల్సమ్మీ నువ్వు లేనిది గీస్తావని? చెప్పినా గదా, బండలు లెక్క తప్పొద్దని" అన్నాడు. మెల్లగానే అన్నాడు, కోపంగా కాదు. నిజమే కదా అనిపించింది. ఇంటి కోసం ఆయన మా బొమ్మ మార్చాడు, అది ఆయన తప్పు. అవ్వ సంగతి మాత్రం నా తప్పు. అప్పటి నుంచి అదే నమ్మాను.

వారం తర్వాత అమ్మ బజ్జీలు తెమ్మని పంపింది. వెళ్లాను. ఒక్క వరుస అరుగు మీద పొయ్యి మాత్రమే పట్టింది. తినేవాళ్లు ఎండలో, మురుగు కాలువ అంచున నిలబడి తింటున్నారు. ఉన్నదే ఇద్దరు. అవ్వ నన్ను తిట్టలేదు. మొహం తిప్పుకోలేదు. "ఎన్ని?" అంది. రెండన్నాను. రెండు వేసింది. ఆకు మడిచి చేతికిచ్చింది.

నేను కాసేపు అక్కడే నిలబడ్డాను. అవ్వ వెనకాల మనిషిని చూసి "నీకెన్నప్పా?" అంది.

చాలా దెబ్బలు తిన్నాను గానీ, ఆ కొసరు పడకపోవడం వంటిది మరొకటి తినలేదు. మరుసటి యేడు అవ్వ పొయ్యి ఎత్తేసి పామిడిలో కూతురి దగ్గరికి వెళ్లిపోయింది. మళ్లీ చూడలేదు. రోడ్డు కూడా వెడల్పు కాలేదు. బండలు తీసిన చోట మొదట పల్లేరు మొలిచింది, తర్వాత స్కూటర్లు నిలబెట్టుకున్నారు. మిగిలిన రెండు వరుసలు కూడా, పాత ఇళ్లు పడగొట్టి కట్టుకున్నప్పుడు ఒక్కొక్కటిగా పోయాయి.

నేను మళ్లీ పెన్సిలు పట్టలేదు. చిన్నాయనకు పెళ్లయింది, వేరే పేటలో ఇల్లు కట్టుకున్నాడు, నన్ను బిడ్డలాగే చూశాడు. నా పెళ్లికి ఆయన తిరిగినంత నాయన కూడా తిరగలేదు. అమ్మానాయనల తర్వాత ఈ ఇంట్లో నేనే ఉంటున్నాను. ఎప్పుడు వచ్చినా ఒక మాట అనేవాడు. "ఎందుకు మానుకున్నావమ్మీ? మంచి చెయ్యి నీది."

ఆయన పోయి ఏడాది. పోయిన నెల మా చిన్నమ్మ ఆటోలో ఒక ఇనప పెట్టె పంపింది. "నీ బొమ్మలంట, ఎవుర్నీ ముట్టనిచ్చేటోడు కాదు" అని ఫోనులో చెప్పింది. లోపలున్న కాగితాల కట్టకు నాడా విప్పేటప్పుడు నాకు ఏడుపొచ్చింది, నిజం చెబుతున్నాను, సంతోషంతో. ఇన్నేళ్లు దాచాడు కదా అని. ఎనుము ఉంది. దర్జీ మామ ఉన్నాడు. కాగితానికి ఇంకా కొంచెం ఆ ఘాటు ఉంది. అవ్వ ఇల్లు వచ్చింది. వెనక్కి తిప్పాను. నీలం గీతల మధ్య ఒక మూల చిన్నాయన అక్షరాలు, పెన్సిలుతో, ఎప్పటిలాగే ముత్యాల్లాగా ఉన్నాయి.

"స్థలంలో రెండు వరుసలే. పోయి చూశాను. దిద్దలేదు."

ఆ కింద, బండలు ఎత్తడానికి ముందు వారం తేదీ.

ఆయనకు ముందే తెలుసు. లెక్కపెట్టి, వెళ్లి చూసి, తెలుసుకుని ఉన్నాడు. తానే కొలిచానని సంతకం పెట్టి ఇచ్చేసిన లెక్కలో అవ్వ ఇల్లు దిద్దితే, ఇవి పిల్ల గీసినవని బయటపడుతుంది. బయటపడితే వీధంతా మళ్లీ కొలుస్తారు. వీధంతా కొలిస్తే మా ఇల్లూ కొలుస్తారు. అందుకని అవ్వ అరుగును పోనిచ్చాడు. పోనిచ్చి, నా పక్కన కూర్చుని, తప్పు నా చేతిలో పెట్టి వెళ్లాడు. నలభై ఏళ్లు మోశాను దాన్ని. ఒక్కసారి పిలిచి "నాకు తెల్సమ్మీ" అని ఉంటే ఆయన సొమ్మేం పోయేది? దాచుకోవడానికి పెట్టె దొరికింది గానీ, చెప్పడానికి నోరు దొరకలేదు. చచ్చిపోయిన మనిషి మీద ఇంత కోపం ఉండొచ్చా అంటే, ఉంది.

ఇదంతా తలుచుకుంటూ ఉండగానే ఎండ పైకొచ్చింది. కళ్లద్దాల పిల్ల గడప దగ్గరికి వచ్చి అట్ట నా ముందు పెట్టింది. మా తలుపు, మా కుర్చీ, కుర్చీ కింద పడుకున్న వీధి కుక్క కూడా ఉన్నాయి. వేలు పెట్టి బండలు లెక్కపెట్టాను. మూడు వరుసలు. మా అరుగు కాగితం మీద మూడు వరుసలతో ఉండడం అదే మొదలు.

"ఏమన్నా తప్పు పోయిందా అమ్మా?" అంది భయంగా.

"లేదు పాపా. మూడే. నీ కాడ రబ్బరుందా?"

ఇచ్చింది. లోపలికి వెళ్లి పెట్టె తెరిచి, అవ్వ ఇంటి బొమ్మ బల్ల మీద పరిచాను. మూడో వరుస, నాలుగు బండలు. కాగితం చిరగకుండా ఒక్కొక్క బండా మెల్లగా రుద్దాను. నలుపు మొత్తం పోయింది. కానీ ఆ రోజు నవ్వుతూ పెన్సిలు గట్టిగా నొక్కాను కదా, ఆ గాడి మాత్రం ఇంకా వేలికి తగులుతోంది.